హైబ్రిడ్ కారు: లోపలివాళ్లకు ఎంత చప్పుడు, బయటివాళ్లకు ఎంత?

హైబ్రిడ్ కారు టెస్ట్ డ్రైవ్ చాలాసార్లు షోరూం వెనక వీధిలో, అద్దాలు ఎత్తేసి, గంటకు 20 కి.మీ. వేగంతో మొదలవుతుంది. ఆ వేగంలో ఇంజిన్ ఆగి ఉంటుంది, బ్యాటరీతో తిరిగే మోటారు ఒక్కటే కారును లాగుతుంది. కొనడానికి వచ్చినవాళ్లు ఆ నిశ్శబ్దానికి అక్కడే పడిపోతారు. అదే సమయంలో ఆ వీధిలో కారుకు వీపు పెట్టి నడుస్తున్న మనిషికి వెనక కారు ఉందన్న సంగతే తెలియదు. లోపలి హాయికీ బయటి ప్రమాదానికీ కారణం ఒక్కటే, ఇంజిన్ ఆగి ఉండటం.

ఈ జత గంటకు 20, 25 కి.మీ. దాకానే. ఆపైన రెండూ విడిపోతాయి. లోపలి చప్పుడును టైర్లు, గాలి, ఇంజిన్ మీద పడే భారం నిర్ణయిస్తాయి. బయటివాళ్లకు టైర్ల రొద ఎలాగూ వినిపిస్తుంది. కాబట్టి లోపల నిశ్శబ్దంగా ఉన్న కారు బయటివాళ్లకు ప్రమాదకరమనీ, పాదచారుల కోసం స్పీకరుతో బయట హెచ్చరిక శబ్దం చేసే కారులో లోపల గోల ఉంటుందనీ అనుకోవడం రెండూ పొరపాట్లే. వీటిని విడివిడిగా చూడాలి, విడివిడిగా కొలవాలి.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. మన మార్కెట్లో హైబ్రిడ్ పేరుతో అమ్ముడయ్యేవన్నీ ఒకటి కావు. బెల్టుతో తిరిగే చిన్న స్టార్టర్-జనరేటర్ ఉన్న మైల్డ్ హైబ్రిడ్లు సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపుతాయి గానీ, కదలాలంటే మళ్లీ ఇంజిన్ కావాల్సిందే. వాటికి హెచ్చరిక శబ్దంతో పని లేదు. మోటారుతోనే కదలగలిగే స్ట్రాంగ్ హైబ్రిడ్లతోనే ఈ చర్చ. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్‌లలో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్, 0.76 కిలోవాట్ అవర్ల (యూనిట్ల) చిన్న బ్యాటరీ ఉంటాయి. ఇన్నోవా హైక్రాస్‌లో 2 లీటర్ల నాలుగు సిలిండర్లు, హోండా సిటీ హైబ్రిడ్‌లో 1.5 లీటర్ల నాలుగు సిలిండర్లు. ఈ సిలిండర్ల లెక్క లోపలి చప్పుడు దగ్గర అక్కరకొస్తుంది.

లోపలి చప్పుడు: మీటరు చెప్పనిది

క్యాబిన్ శబ్దాన్ని అందరూ డీబీ(ఏ)లో చెబుతారు. డీబీ అంటే డెసిబెల్, ఆ (ఏ) అంటే మనిషి చెవి తీరుకు తగ్గట్టు సవరించిన లెక్క. సన్నటి శబ్దాలను ఉన్నవి ఉన్నట్టు తీసుకుని, బొంగురు శబ్దాలను బాగా తగ్గించి చూపుతుంది. 1,000 హెర్ట్జ్ (సెకనుకు 1,000 కంపనాలు) దగ్గర కోత సున్నా. 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెళ్లు, 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెళ్లు కోసేస్తుంది.

దీనితో వచ్చే చిక్కు ఇంజిన్ దగ్గర కనిపిస్తుంది. మూడు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక చుట్టుకు ఒకటిన్నర పేలుళ్లు. 2,000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 33 చుట్లు, అంటే 50 పేలుళ్లు, 50 హెర్ట్జ్. అదే వేగంలో నాలుగు సిలిండర్లయితే 67 హెర్ట్జ్. ఇప్పుడు క్యాబిన్‌లో టైర్ల రొద 60 డీబీ(ఏ) ఉందనుకుందాం. ఇంజిన్ స్టార్టయి 50 హెర్ట్జ్ దగ్గర 80 డెసిబెళ్ల బొంగురు మోత మొదలైంది. మీటరు దాన్ని 50గానే లెక్కేస్తుంది. 60కి 50 కలిస్తే డెసిబెళ్ల లెక్కలో వచ్చేది 60.4. సీటు, స్టీరింగ్ అదురుతున్నాయి, చెవుల్లో ఒత్తిడి తెలుస్తోంది, ఫోన్ యాప్‌లో మాత్రం అంకె కదల్లేదు. రివ్యూల్లో ఇచ్చే డెసిబెల్ పట్టికలు చూసి కారు ఎంచుకునేవాళ్లు తర్వాత నిరుత్సాహపడేది చాలావరకు ఇందుకే. మూడు సిలిండర్ల హైబ్రిడ్‌ను పట్టికతో కాకుండా ఒంటితో పరీక్షించాలి.

రెండో సంగతి, ఇంజిన్ చప్పుడుకూ కారు వేగానికీ లంకె తెగిపోవడం. మామూలు మాన్యువల్ కారులో వేగం పెరుగుతుంటే ఇంజిన్ గొంతు దానితోపాటే పెరుగుతుంది, చెవికి అది సహజం. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఎంత శక్తి కావాలో కంప్యూటర్ లెక్కేసి, అందుకు తగిన ఆర్‌పీఎంకు ఇంజిన్‌ను ఒక్కసారిగా తీసుకెళ్తుంది. కారు వేగం ఆ తర్వాత నిదానంగా అందుకుంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒకే శ్రుతిలో అరుస్తూ ఉండిపోవడం అందుకే. పైగా ఈ ఇంజిన్లను మైలేజీ కోసం అట్కిన్సన్ పద్ధతిలో నడుపుతారు. తక్కువ ఆర్‌పీఎంలో వాటికి లాగుడు తక్కువ, అందుకని ఆర్‌పీఎం ఇంకాస్త ఎక్కాలి. నిండా మనుషులతో ఎత్తు ఎక్కుతున్న హైబ్రిడ్‌లో అదే సైజు పెట్రోలు కారుకన్నా గోల ఎక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు.

మూడోది, కారు నిలబడి ఉండగా ఇంజిన్ తనంతట తాను లేవడం. స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఏసీ కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది. మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగితే బ్యాటరీ గీతలు పడిపోతాయి, ఇంజిన్ లేచి మామూలు ఐడ్లింగ్‌కన్నా కాస్త ఎక్కువ ఆర్‌పీఎంలో చార్జింగ్ మొదలుపెడుతుంది. అప్పటిదాకా ఉన్న నిశ్శబ్దం వల్ల ఆ చప్పుడు ఉన్నదానికన్నా పెద్దగా తోస్తుంది. సర్వీస్ సెంటర్లకు వెళ్లే ఫిర్యాదుల్లో దీనికి చోటుంటుంది, నిజానికి ఇది లోపం కాదు.

ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు వచ్చే చప్పుడు ఇంకా చిత్రం. తిరుమల నుంచి తిరుపతికి దిగుడు సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,500 కిలోల కారు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 2.9 యూనిట్లు. కొంత టైర్ల రాపిడికీ గాలికీ పోయినా మిగిలింది 0.76 యూనిట్ల బ్యాటరీలో పట్టదు, అందులోనూ వాడుకోనిచ్చేది కొంత భాగమే. సగం దారిలోనే బ్యాటరీ నిండిపోతుంది. ఇక రీజనరేషన్‌తో, అంటే కారును నెమ్మదింపజేస్తూ మోటారు పుట్టించే కరెంటుకు పోయే చోటు లేక, టయోటా తరహా వ్యవస్థ ఆ కరెంటుతోనే ఇంజిన్‌ను పెట్రోలు లేకుండా గిరగిరా తిప్పుతుంది. కాలు యాక్సిలరేటర్ మీద లేదు, ఇంజిన్ మాత్రం హోరెత్తుతోంది. గాభరా పడి న్యూట్రల్ వేయకూడదు. ఆ హోరే ఇంజిన్ బ్రేకింగ్, అది లేకపోతే భారమంతా బ్రేక్ ప్యాడ్ల మీద పడుతుంది.

గంటకు 50 కి.మీ. దాటాక హైబ్రిడ్ ప్రత్యేకత దాదాపు పోతుంది. అక్కడ టైర్ల మాటే చెల్లుతుంది. తారు రోడ్డు మీద మెత్తగా పోయే కారు, అడ్డగీతలు గీసిన సీసీ రోడ్డు ఎక్కగానే రొద చేస్తుంది. టైర్లలో గాలి కంపెనీ చెప్పినదానికన్నా నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టించినా గతుకుల చప్పుడు లోపలికి కొడుతుంది. 100 దాటితే అద్దాలు, డోర్ బీడింగ్, సైడ్ మిర్రర్ల దగ్గర గాలి చప్పుడు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద మాత్రమే కారు నడిపి హైబ్రిడ్ నిశ్శబ్దం గురించి తీర్పు చెప్పడం అర్థం లేని పని.

ఇంజిన్ ఆగినప్పుడు బయటపడే చిన్న చప్పుళ్లు మరో రకం. బ్రేక్ వేసి ఆగబోయే ముందు సన్నగా వినిపించే కూత మోటారుది, బ్యాటరీ కరెంటును దానికి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌ది. పిల్లలకు అది పెద్దవాళ్లకన్నా స్పష్టంగా వినిపిస్తుంది. పార్సిల్ ట్రే, సీట్ బెల్ట్ బకిల్, నంబర్ ప్లేట్ గలగలలు ఇంజిన్ చప్పుడు కింద ఇన్నాళ్లూ దాగినవే. వీటన్నిటిలో పట్టించుకోవలసింది బ్యాటరీ ఫ్యాన్ చప్పుడు. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి క్యాబిన్‌లోంచే, సీటు పక్కనో కిందో ఉన్న జాలీ ద్వారా వెళ్తుంది. దాని ఫిల్టర్ దుమ్ముతో, పెంపుడు కుక్క బొచ్చుతో పూడిపోతే ఫ్యాన్ వేగం పెంచుకుని హుమ్మంటుంది. అది శబ్దం సమస్య కాదు, బ్యాటరీ వేడెక్కుతోందన్న కబురు. చప్పుడు తగ్గడానికి బయటి షాపుల్లో డ్యాంపింగ్ షీట్లు వేయించేవాళ్లు ఆ జాలీ మీద మ్యాటింగ్ పరచకుండా చూసుకోవాలి.

షీట్ల సంగతి వచ్చింది కాబట్టి మరొక మాట. డోర్లకు, ఫ్లోర్‌కు అంటించే బ్యూటైల్ షీటు రేకు అదురును ఆపుతుంది, అంతే. అద్దాల్లోంచి వచ్చే గాలి చప్పుడుకు, ఇంజిన్ మౌంట్ల ద్వారా బాడీలోకి దిగే 50 హెర్ట్జ్ బొంగురు మోతకు అది చేసేది చాలా తక్కువ.

బయటి శబ్దం: 56 డెసిబెళ్లు ఎంత దూరం వెళ్తాయి

నిశ్శబ్దమైన కార్ల మీద ముందుగా గొంతెత్తింది అంధుల సంఘాలు. అమెరికాలో వాళ్ల ఒత్తిడి మీద 2010లో కాంగ్రెస్ చట్టం చేసింది, 2016 చివర్లో నిబంధన ఖరారైంది. ఆ మధ్యలో, 2011లో, అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ప్రమాదాల రికార్డులు పరిశీలించి హైబ్రిడ్లు పాదచారులను ఢీకొనే అవకాశం మామూలు కార్లకన్నా 35 శాతం, సైకిళ్లను ఢీకొనే అవకాశం 57 శాతం ఎక్కువని తేల్చింది. బ్రిటన్‌లో 2013-17 నాటి ప్రమాదాల మీద 2024లో వచ్చిన అధ్యయనంలో ప్రతి 10 కోట్ల మైళ్ల ప్రయాణానికి గాయపడిన లేదా చనిపోయిన పాదచారులు పెట్రోలు, డీజిలు వాహనాల వల్ల 2.40 మంది, ఎలక్ట్రిక్, హైబ్రిడ్ల వల్ల 5.16 మంది. ఈ రెండు అంకెలూ హెచ్చరిక శబ్దం తప్పనిసరి కాకముందువని గుర్తుపెట్టుకుని చదవాలి. హెచ్చరిక వచ్చాక ఎంత తగ్గిందో అవి చెప్పవు.

జపాన్ అందరికన్నా ముందు, 2010 జనవరిలో, మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టులో టయోటా అప్పటి మూడో తరం ప్రియస్ కార్లకు విడిగా బిగించుకునే శబ్ద పరికరాన్ని 12,600 యెన్‌లకు అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు ఎక్కువ దేశాలు అనుసరిస్తున్నది ఐక్యరాజ్యసమితి 138వ నిబంధన. దాని ప్రకారం కారు కదిలినప్పటి నుంచి గంటకు 20 కి.మీ. దాకా, రివర్స్‌లోనూ శబ్దం ఉండాలి. కారు మధ్యగీతకు 2 మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తులో మైకు పెట్టి కొలిస్తే గంటకు 10 కి.మీ. దగ్గర కనీసం 50, 20 కి.మీ. దగ్గర 56, రివర్స్‌లో 47 డీబీ(ఏ) రావాలి. ముందుకు పోయేటప్పుడు 75 దాటకూడదు. యూరప్‌లో 2021 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కారుకూ ఇది తప్పనిసరి. మన దగ్గర 2025 సెప్టెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ముసాయిదా ఇచ్చింది. నాలుగు చక్రాల ప్రయాణికుల, సరుకు రవాణా వాహనాల్లో కొత్త మోడళ్లకు 2026 అక్టోబరు 1, ఇప్పటికే ఉన్న మోడళ్లకు 2027 అక్టోబరు 1 గడువుగా ప్రతిపాదించింది. దీనికి ముందే, 2023లో, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు ఈ ఏర్పాటు చేరింది.

56 అన్న అంకెను దూరంతో కలిపి చూస్తేనే దాని బలమెంతో తెలుస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 2 మీటర్ల దగ్గర 56 ఉంటే 4 మీటర్ల దగ్గర 50, 8 మీటర్ల దగ్గర 44. గంటకు 20 కి.మీ. అంటే సెకనుకు 5.6 మీటర్లు. డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను, ఆపైన గట్టి బ్రేకుకు రెండు మీటర్ల చిల్లర, మొత్తం 8 మీటర్లలో కారు ఆగుతుంది. గంటకు 10 కి.మీ. దగ్గర ఆగే దూరం మూడుంపావు మీటర్లు, అక్కడ శబ్దం సుమారు 46. అంటే కారు ఇక ఆగలేని దూరానికి వచ్చేసరికి పాదచారి చెవిలో పడేది రెండు వేగాల్లోనూ 45 డెసిబెళ్ల అటూఇటూ.

ఇప్పుడు మన వీధులు. నివాస ప్రాంతాలకు మన శబ్ద కాలుష్య నియమాలు పెట్టిన పగటి హద్దు 55, రాత్రి హద్దు 45. వ్యాపార ప్రాంతాలకు 65, 55. ఆ హద్దుల్ని పాటించే కూడలి ఎక్కడుందో వెతుక్కోవాలి, అది వేరే సంగతి. కాబట్టి తెల్లవారుజామున కాలనీ వీధిలో ఈ కనీస శబ్దం పనిచేస్తుంది. సాయంత్రం కోఠిలోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో దాని ఉనికే తెలియదు. అక్కడ మామూలు పెట్రోలు కారు ఐడ్లింగ్ కూడా వినిపించదనుకోండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్ మరో రకం. నాలుగు గోడలు, పైన శ్లాబు వల్ల శబ్దం దూరంతోపాటు అంతగా పడిపోదు, కనుక వినిపిస్తుంది. కానీ స్తంభాలకు, గోడలకు తగిలి అన్ని వైపుల నుంచీ వస్తుంది, కారు ఎటు ఉందో తెలియదు. ఒకే శ్రుతి ఉన్న కూతకన్నా వెడల్పాటి పౌనఃపున్యాలున్న హోరు దిక్కును బాగా చెబుతుంది. మంచి హెచ్చరిక శబ్దం వినసొంపుగా కాకుండా కాస్త బరబరమంటూ ఉండటానికి కారణం ఇదే.

శ్రుతి, స్పీకరు, లోపలికి లీకు

ఎంత గట్టిగా అన్నదానితోపాటు ఏ రకం శబ్దం అన్నదీ నిబంధనలో ఉంది. కనీసం రెండు పౌనఃపున్య పట్టీల్లో శబ్దం ఉండాలి, వాటిలో ఒకటైనా 1,600 హెర్ట్జ్ లేదా అంతకన్నా కింద ఉండాలి. వయసు పైబడ్డవాళ్లకు ముందుగా తగ్గేది సన్నటి శబ్దాల వినికిడి, వాళ్ల కోసం ఈ షరతు. 5 నుంచి 20 కి.మీ. మధ్య వేగం ఒక్కో కిలోమీటరు పెరిగినప్పుడల్లా శ్రుతి కనీసం 0.8 శాతం పెరగాలి. 15 కిలోమీటర్లకు 12 శాతం, కర్ణాటక సంగీతంలో షడ్జం నుంచి చతుశ్రుతి రిషభానికి ఉన్నంత దూరం. చూడకుండానే కారు వేగం పుంజుకుంటోందో తగ్గుతోందో చెప్పడానికి అంత తేడా సరిపోతుంది. సైరన్లు, గంటలు, పాటలు, జంతువుల అరుపులు వద్దన్నది కూడా మార్గదర్శకాల మాట. రివర్స్ గేరులో పాటలు పాడిన కార్లను చూసిన మనకు ఆ జాగ్రత్త ఎందుకో విడమరిచి చెప్పనక్కర్లేదు.

స్పీకరు సాధారణంగా ముందు బంపర్ వెనక, నీటికి తట్టుకునే డబ్బాలో ఉంటుంది. చిన్న స్పీకరు బొంగురు శబ్దాన్ని పలికించలేదు. అలాగని పెద్దది పెడితే బొంగురు శబ్దం రేకుల్ని దాటి క్యాబిన్‌లోకి వస్తుంది. కొన్ని వందల హెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని ఇంజిన్ గోడ, ఇన్సులేషన్ బాగానే ఆపుతాయి. అందుకే తయారీదారులు మధ్యస్థాయి పౌనఃపున్యాలను ఎంచుకుంటారు. లోపల కూర్చున్నవాళ్లకు అది సన్నటి హోరుగా వినిపిస్తే వింతేమీ లేదు. ఒకప్పుడు లేనిది ఉన్నట్టుండి గట్టిగా వినిపిస్తుంటే ఇంజిన్ గోడలో వైర్లు వచ్చే రంధ్రాల రబ్బరు గ్రొమెట్లు చూడాలి. యాక్సెసరీల కోసం వైరు లాగినప్పుడు గ్రొమెట్‌ను చీల్చి వదిలేయడం తరచూ జరిగేదే. ఆ చీలికలోంచి శబ్దమే కాదు, నీళ్లూ వస్తాయి.

ఇన్సులేషన్ రెండు వైపులా పనిచేస్తుందన్నది కార్ల ప్రకటనలు చెప్పని సంగతి. బయటి రొద లోపలికి రాకుండా ఆపే అద్దమే సైకిల్ బెల్లును, వెనక నుంచి "ఆగు ఆగు" అన్న కేకను కూడా ఆపుతుంది. సెల్లార్‌లో, ఇరుకు సందుల్లో డ్రైవరు పక్క అద్దం రెండు వేళ్లు దించుకుంటే అది ఖర్చులేని సెన్సర్.

హైబ్రిడ్‌కే ఉన్న చిక్కు

పూర్తి ఎలక్ట్రిక్ కారు శబ్దం ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. హైబ్రిడ్ అలా కాదు. ఒక నిమిషం మోటారు, మరో నిమిషం ఇంజిన్. వేగం పెరుగుతున్నప్పుడు శ్రుతి పెరగాలన్న సూత్రం కృత్రిమ శబ్దానికి వర్తిస్తుంది గానీ, బ్యాటరీ కోసం లేచిన ఇంజిన్‌కు వర్తించదు. ఘాట్ దిగుతూ హోరెత్తే కారు నిజానికి నెమ్మదిస్తూ ఉండవచ్చు. చెవితోనే రోడ్డు దాటేవాళ్లకు ఇది తప్పుడు సంకేతం.

నిలబడి ఉన్నప్పుడు ఇంకో తేడా. ఐక్యరాజ్యసమితి నిబంధన ఆగి ఉన్న కారుకు శబ్దం అడగదు. అమెరికా అడుగుతుంది. కారు ఆన్‌లో ఉండి, గేరు పార్క్‌లో లేకపోతే నిలబడినా శబ్దం రావాలి, పైహద్దు కూడా 20 కాదు, గంటకు 30 కి.మీ. చూపులేనివాళ్లు సిగ్నల్ దగ్గర వాహనాల చప్పుడు విని, పక్క వరుస కదిలిన హోరును బట్టి దాటాలా వద్దా అని తేల్చుకుంటారు. ముందు వరుసలో నాలుగు హైబ్రిడ్లు నిశ్శబ్దంగా నిలబడి ఉంటే వాళ్లకు రోడ్డు ఖాళీగా ఉన్నట్టే. ఈ విషయంలో అమెరికా నిబంధనే సరైనదనిపిస్తుంది.

పనిచేస్తోందో లేదో చూసుకోవడం

హైబ్రిడ్‌లో హెచ్చరిక శబ్దాన్ని పరీక్షించాలంటే ముందు ఇంజిన్ లేవకుండా చూసుకోవాలి. చల్లటి ఇంజిన్ పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించడానికి తప్పక తిరుగుతుంది కాబట్టి పది పదిహేను నిమిషాలు నడిపాక, బ్యాటరీ సగానికి పైగా ఉన్నప్పుడు, ఏసీ ఆపి మొదలుపెట్టాలి. మోటారుతోనే నడిపే ఈవీ మోడ్ బటన్ ఉంటే నొక్కాలి. నిశ్శబ్దంగా ఉన్న చదునైన చోట ఒకరు గంటకు 5 నుంచి 10 కి.మీ. వేగంతో నడపాలి, రెండోవారు పక్కన రెండు మీటర్ల దూరంలో నిలబడి వినాలి. తర్వాత 20 దాకా పెంచి శ్రుతి మారుతోందా అని, ఆఖర్న రివర్స్‌లోనూ వినాలి. ఫోన్ యాప్ చూపే అంకెను నిబంధన అంకెతో పోల్చవద్దు. ఆ మైకు కొలతకు సరిచేసింది కాదు. అదే ఫోనుతో, అదే చోట, ఆరు నెలల తర్వాత తీసిన అంకెతో పోల్చుకోవడానికైతే పనికొస్తుంది.

శబ్దం ఆగిపోవడానికి మామూలు కారణాలు మూడు. బంపర్ విప్పి బిగించినప్పుడు కనెక్టర్ పెట్టడం మరిచిపోవడం, వరద నీళ్లలో నడిపినప్పుడో హైప్రెషర్ వాష్‌లోనో స్పీకరులోకి నీరు చేరడం, బురద గట్టిపడి స్పీకరు మూతిని మూసేయడం. మొదటిదాన్ని కంప్యూటర్ పట్టుకుని మీటర్ బోర్డు మీద సందేశం చూపవచ్చు. మూడోదాన్ని పట్టుకోలేదు. అది సాధారణంగా చూసేది తీగల్లో కరెంటు సరిగ్గా ఉందా లేదా అని, శబ్దం బయటికి వచ్చిందా అని కాదు. చిన్న యాక్సిడెంటు తర్వాత బాడీ షాపు నుంచి కారు తీసుకునేటప్పుడు రంగు ఎంత కలిసిందో చూసినంత శ్రద్ధగా ఈ శబ్దాన్నీ వినాలి.

రివర్స్ విషయంలో ఒక భ్రమ బాగా ఉంది. రివర్స్ గేరు వేయగానే కొన్ని హైబ్రిడ్లలో లోపల బీప్ బీప్ అని మోగుతుంది. అది గేరు పడిందని డ్రైవరుకు చెప్పడానికే, బయటికి వినిపించదు. బయటి స్పీకరు ముందు బంపర్‌లో ఉంటే, వెనక నిలబడ్డ మనిషికీ దానికీ మధ్య కారు మొత్తం అడ్డం. కనీస హద్దు కూడా రివర్స్‌లోనే అన్నిటికన్నా తక్కువ, 47. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. అయినా పొట్టి పిల్లలు, బంపర్ అంచుకు దగ్గరగా కూర్చున్నవాళ్లు వాటికి చిక్కకపోవచ్చు. సెల్లార్‌లో వెనక్కి తీసేటప్పుడు కెమెరా తెర చూసి, బ్రేకు మీద కాలు ఉంచి, కారును దాని నడకకే వదలడం మంచిది.